వేలం ముగిసే వేళ

రౌమా రేవులో లారీల్ని తూచే గది నాది.
రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా
కాగితపు చుట్టలతో వచ్చిన లారీని ఒకసారి,
దించేసి పోయేటప్పుడు ఇంకోసారి తూస్తాను.
ఆ రెండంకెల తేడాకే డబ్బు.
లారీకి కాదు, డ్రైవరు ఎర్రకళ్లకి కాదు.

రెండో తెర మీద నా జట్టు.
లేని ఊళ్లో లేని మంచు మీద
ఇరవై ఇద్దరు ఐస్ హాకీ ఆటగాళ్లు.
పదకొండేళ్లుగా వాళ్లకి జీతాలు పెంచుతూనే ఉన్నాను.
నాకు పెరిగింది రెండుసార్లు.

ఇవాళ ఇద్దర్ని వేలంలో పెట్టాను.
ఎస్కో హల్మె, పదిహేడేళ్లు, గోల్‌కీపర్.
ఏమీ రాదు వాడికి ఇంకా.
పట్టు నాలుగు, చూపు ఐదు.
పేరు పక్కన మాత్రం చిన్న పసుపు చుక్క:
అవుతాడు, అని.
తౌనో రిపట్టి, ముప్పై మూడు, వాడూ గోల్‌కీపరే.
పట్టు పద్దెనిమిది, చూపు పంతొమ్మిది.
చుక్క లేదు.
అయ్యాడు. అంతే.
ముఖాలు యంత్రం గీసినవి;
ముక్కు ఇద్దరికీ ఒకటే.

ఆలూ లేదు చూలూ లేదు,
ఎస్కోకి అప్పుడే తొంభై లక్షలు పలికింది.
జిలీనా నుంచి ఒకాయన, హాలిఫాక్స్ నుంచి ఇంకెవరో
మూడు నిమిషాలకోసారి ఐదేసి వేలు పెంచుకుంటూ
ఒకరి నిద్ర ఒకరు చెడగొట్టుకుంటున్నారు.
తౌనోని అమ్మబోతే అడవి.
నాలుగు లక్షలు, అదీ ఒకే ఒక్కడు, మొహమాటానికన్నట్టు.
రేపటి మ్యాచ్‌లో వాడు ఇరవై ఏడు షాట్లు ఆపుతాడని
అందరికీ తెలుసు.
తెలిసినదానికి వెల తక్కువ.

నేనేం అమాయకురాలిని కాను.
నా నోట్‌బుక్‌లో లెక్క ఉంది:
ఏడాదికి రెండు మెట్లు, ట్రైనర్ జీతం,
ఐదేళ్లు బెంచీ మీద కూర్చోబెట్టి మేపే ఖర్చు,
మధ్యలో ఎక్కడో ఒక మోకాలు.
(మోకాలిని ఎవరూ లెక్కలో వేయరు.)
ఎటు కూడినా ఎస్కో ఇరవై లక్షలు దాటడు.
మిగతా డెబ్బై
కొనేవాడు తన మీద తాను పెట్టుకునే నమ్మకం:
ఐదేళ్ల తర్వాత కూడా ఇలాగే
ఈ వేళకి మేలుకుని ఉంటానని,
ఈ ఆట ఉంటుందని,
చూసుకోవడానికి తీరిక ఉంటుందని.

పక్క కుర్చీలో ఇల్మి. పంతొమ్మిదేళ్లు,
వారం కిందట శిక్షణకి చేరింది.
నా జీతంలో సగం ఇస్తారు తనకి.
"ఇదేం తిరకాసు ఐరియా" అంది తెర చూసి,
"అక్కడైతే నాకెంత పలికేదో!"
పలికేది, అమ్మాయ్.
నన్నైతే దారి ఖర్చులు పెట్టుకుని
ఎవరైనా పట్టుకుపోతే అదే పదివేలు.
వచ్చే వసంతం నుంచి ఈ గదిలో
కెమెరా తూస్తుందట.
ఆ మాట ఇల్మికి ఇంకా ఎవరూ చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.

మూడూ పద్నాలుగు. ఎస్కో జిలీనా వెళ్లిపోయాడు,
తొంభై నాలుగు లక్షలకి.
వెంటనే ఆయన దగ్గర్నుంచి సందేశం:
"ఎడమ మోకాలు బాగానే ఉందా?"
గుర్రం బేరంలో పళ్లు లెక్కపెట్టినట్టు,
కాకపోతే కొన్నాక.

తౌనోకి ఇంకా ఎనిమిది సెకన్లు.
ఉన్నట్టుండి అంకె మారింది: ఐదు లక్షలు.
ఎవరా అని చూస్తే
పక్కన ఇల్మి, ఒళ్లో ఫోను, పెదవి కొరుక్కుంటూ.
మొన్ననే జట్టు పెట్టిందట, నాకు చెప్పకుండా.
కొత్తవాళ్లకి ఆట ఇచ్చే సొమ్ము మొత్తం అంతే.
"పిచ్చా నీకు? ముప్పై మూడేళ్లు వాడికి!"
"రేపు మ్యాచ్ ఉంది కదా" అంది.
"జీతం ఎంతో చూశావా?"
"మూడు వారాలకి సరిపోతుంది."
"ఆ తర్వాత?"

లారీ వచ్చి కాటా మీద నిలబడింది.
అంకె ఊగుతోంది, ఇంకా కుదురుకోలేదు.
ఇల్మి గ్లాసు తలుపు జరిపి
డ్రైవరుకి చెయ్యెత్తి
ఆగమంది.